14 సంపుటాలూ రెండుసార్లు చదివితేనే అభిమానా?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. రాబర్ట్ జోర్డాన్ ఫాంటసీ నవలల సిరీస్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ని టీవీలో చూశారు. మూడు సీజన్ల తర్వాత 2025లో అది ఆగిపోయేసరికి, మిగతా కథ ఏమవుతుందోనని పుస్తకాలు పట్టుకున్నారు. నాలుగు సంపుటాలు అయ్యాయి, ఐదోది సగంలో ఆగింది. పేర్లు గుర్తుండట్లేదు, ఎవరు ఏ దేశం వాళ్లో కలగాపులగం అయిపోతోంది, మీకు అందరికంటే ఇష్టమైన పెరిన్ ఎన్ని పేజీలు తిప్పినా కనిపించట్లేదు. ఈ మాటే ఒక పాత పాఠకుడితో అంటే, “14 సంపుటాలూ కనీసం రెండుసార్లు చదవనివాళ్లు అభిమానులమని చెప్పుకోకూడదండీ, మీది టీవీ బ్యాచ్” అని తీసిపారేశారు. ఆ రోజు నుంచి పుస్తకం తెరవబుద్ధి కావట్లేదు, అసలు నిజమైన అభిమాని అంటే ఎవరు అని అడిగారు.

మొదట చిన్న విషయం తేల్చేస్తాను. పెరిన్ కనిపించకపోవడం మీ తప్పు కాదు, మీరు ఏ పేజీ వదిలేయలేదు. ఐదో సంపుటంలో పెరిన్ లేడు. ఏదో ఒక అధ్యాయంలో కాదు, మొత్తం పుస్తకంలోనే లేడు. 1993లో అది కొనుక్కుని చదివినవాళ్లకి ఆ కమ్మరి కుర్రాడు మళ్లీ కనిపించాలంటే 1994లో తర్వాతి సంపుటం రావాల్సి వచ్చింది. ఇలా ముఖ్యమైన పాత్రను ఒక సంపుటం మొత్తం పక్కన పెట్టేయడం ముందు ముందు ఇంకోసారి కూడా జరుగుతుంది, ఎవరినో మాత్రం చెప్పను. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, వందల పేజీల మధ్య ఒక మనిషి లేడని మీకు తెలిసింది, వాడెక్కడున్నాడోనని బెంగపడ్డారు. మిమ్మల్ని తీసిపారేసిన ఆయన దాన్ని గమనించి ఉండాల్సింది.

నా సంగతి కొంచెం. డిగ్రీ చదివే రోజుల నుంచి, అంటే 24 ఏళ్లుగా ఇలాంటి పెద్ద ఫాంటసీ సిరీస్‌లు చదువుతున్నాను. అందులో 11 ఏళ్లు ఒక చిన్న చదువరుల బృందం నడిపాను, వారానికి రెండు అధ్యాయాలు చదివి వచ్చి మాట్లాడుకునేవాళ్లం. ఈ సిరీస్ మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు చదివాను, నాలుగోసారి ఎనిమిదో సంపుటంలో ఉన్నాను. మీకు ఆ మాట అన్న ఆయన లెక్క ప్రకారం చూస్తే నాకు అర్హత ఉన్నట్టే. ఆ లెక్క తప్పు అని చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నా దృష్టిలో అభిమాని అంటే ఒక కథ దగ్గరికి తిరిగి తిరిగి వెళ్లే మనిషి, వెళ్లినప్పుడల్లా తను ఇదివరకు అనుకున్నది మార్చుకోవడానికి సిద్ధంగా ఉండే మనిషి. ఇది చాలామందిలో ఉంటుంది. ఇంకొకటి ఉంది, అది అరుదు: తనకు తెలిసిపోయింది కాబట్టి ఇంకొకరికి చెప్పేయాలన్న ఆరాటాన్ని ఆపుకోగలగడం. ఎదుటివాళ్లు మొదటిసారి చదువుతున్నప్పుడు ఆ మొదటిసారిని కాపాడటం. మొదటిది ఎంత ఉన్నా రెండోది లేనివాళ్లని నిజమైన అభిమాని అనడానికి నాకు నోరు రాదు. ఇదేదో పుట్టుకతో తెలిసిన జ్ఞానం కాదు, ఒక మనిషిని పోగొట్టుకున్నాక తెలిసింది.

మా బృందం మొదలైన మూడో ఏడు. అప్పటికి కాస్త పెద్దదైంది, వచ్చేవాళ్లలో అన్నీ చదివేసినవాళ్లూ, అప్పుడే మొదలుపెట్టినవాళ్లూ కలిసి ఉండేవాళ్లు. ఒక నెల ముందు ఒకావిడ కొత్తగా చేరారు. ఒక్క సంపుటం పూర్తిచేసి రెండోది తెరిచారంతే. రెండోవారం అనుకుంటా, ఆవిడ రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని అడిగారు: “మొదటిదాంట్లో మొదటి అధ్యాయం ఒక గాలితో మొదలైందండీ. ఇక్కడా అలాగే గాలి లేచింది, మాటలు కూడా దాదాపు అవే. ఇది అదే గాలా, వేరే గాలా?” మేమంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. ఈ సిరీస్‌లో 14 సంపుటాలకీ, ప్రోలాగ్ తీసేస్తే, మొదటి అధ్యాయం అలాగే మొదలవుతుంది. యుగాలు వస్తూ పోతూ ఉంటాయని చెప్పే పేరా, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట లేచి నేల మీదుగా వీచుకుంటూ ఒక పాత్ర దగ్గరికి వచ్చే గాలి. మాకు అది కంఠతా వచ్చు. కంఠతా రావడం వల్లే కాబోలు, ఆ గాలి ఏం చేస్తోందని మాలో ఎవరం ఆలోచించలేదు. ఆ రోజు ఇంటికెళ్లి అన్ని సంపుటాల మొదటి పేజీలూ వరసగా చదివాను. ఎక్కడ లేచింది, ఏ నేల మీదుగా వచ్చింది, ఎండిన పొలాల మీదుగానా మంచు మీదుగానా, అలా చూసుకుంటూ పోతే ఆ ప్రపంచం ఆరోగ్యం ఎలా ఉందో ఆ గాలే చెప్తోంది. సిరీస్ మొత్తాన్ని 14 పేజీల్లో ఇంకోసారి చదివినట్టు అయింది నాకు.

ఆ తర్వాతి వారం నేను ఒక పరీక్ష పెట్టాను. 40 ప్రశ్నలు. ఏ కత్తి ఎవరిది, ఏ రాణి తర్వాత ఏ రాణి, ఏ ఊరు ఏ నది మీద, ఇలాంటివి. సరదాగానే మొదలైంది కానీ మనసులో నాకు ఉన్నది సరదా కాదు, ఎవరు పెద్దవాళ్లో తేలాలని ఉంది. ఆవిడకి మూడు వచ్చాయి. ఎవరో నవ్వారు, నేను ఆపలేదు. ఆవిడ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని, చివరిదాకా కూర్చుని, అందరికీ వెళ్లొస్తానని చెప్పి వెళ్లారు. మళ్లీ రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, పని ఎక్కువగా ఉందండీ అన్నారు. మా అందరిలోకీ బాగా చదవగలిగిన మనిషిని నది పేరు తెలియదని పంపించేశాం. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు, మీ ప్రశ్న చదవగానే మొదట ఆవిడే గుర్తొచ్చారు.

అందుకే పేర్లు గుర్తుండట్లేదని మీరు సిగ్గుపడుతుంటే నాకు కష్టంగా ఉంది. ఈ సిరీస్‌లో పేరు పెట్టిన పాత్రలే రెండు వేలు దాటతాయి. రాసిన రాబర్ట్ జోర్డాన్ గారికే వివరాలు తప్పకుండా చూసుకోవడానికి సహాయకులు ఉండేవాళ్లు, గుట్టలకొద్దీ నోట్స్ ఉండేవి. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన వెస్టెరోస్ ప్రపంచంలోని చిన్న చిన్న వివరాలు సరిచూసుకోవడానికి ఒక అభిమానిని అడిగేవారు. ఆ అభిమానీ, ఆయన సహచరీ నడిపిన వెబ్‌సైట్ ఎంత పక్కాగా ఉండేదంటే 2014లో ఆ ప్రపంచ చరిత్ర పుస్తకంగా వచ్చినప్పుడు మార్టిన్‌తో పాటు వాళ్లిద్దరి పేర్లూ రచయితలుగా అచ్చయ్యాయి. అలా గుర్తుపెట్టుకునేవాళ్లంటే నాకు చాలా గౌరవం, వాళ్ల పట్టికలు లేకపోతే నేను సగం సందేహాలు తీర్చుకోలేకపోయేదాన్ని. కానీ అది వాళ్లు మిగతా పాఠకులకి చేసే సాయం. దాన్ని తీసుకొచ్చి గుమ్మం దగ్గర కాపలా పెడితే ఎలా?

వస్తువులు కొనడం గురించి మీరు అడగలేదు కానీ అదీ ఒకటి వినిపిస్తుంది కాబట్టి ఒక్క ముక్క: కత్తి బొమ్మలు, మ్యాపులు, ప్రత్యేక సంచికలు, ఇష్టమైతే కొనుక్కోండి, డబ్బు లేకపోతే లేదు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న చిరిగిన కాపీలో కూడా కథ అదే.

ఇప్పుడు మళ్లీ చదవడం గురించి. ఆయన రెండుసార్లు అన్నారే, ఆ మాటలో ఒక నిజం ఉంది, ఆయన దాన్ని లెక్కగా మార్చేయడం వల్ల చెడింది. మొదటిసారి మనం ఏమవుతుందో అని చదువుతాం. పేజీలు పరిగెత్తుతాయి. రెండోసారి ఏమవుతుందో తెలుసు కాబట్టి చూపు పక్కకి తిరుగుతుంది, రచయిత అసలు దాచుకున్నవన్నీ ఆ పక్కనే ఉంటాయి.

టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటంలో మూడో అధ్యాయం ఉంది. ముగ్గురు హాబిట్లు, అంటే టోల్కీన్ ఊహించిన పొట్టి మనుషులు, ఇల్లు వదిలి బయల్దేరి, రాత్రి ఒక చెట్టు మొదట్లో పడుకుంటారు. అప్పుడు అటుగా ఒక నక్క వెళ్తుంది, దాని పనేదో అది చూసుకుంటూ. ఆగి, వాసన చూసి, హాబిట్లు ఆరుబయట నిద్రపోవడమా, అందులోనూ ముగ్గురా, దీని వెనక ఏదో వింత ఉంది అనుకుంటుంది. అది అనుకున్నది నిజమేననీ, ఆ తర్వాత ఆ విషయం గురించి దానికి ఇంకేమీ తెలియలేదనీ చెప్పి రచయిత ముందుకు వెళ్లిపోతాడు. అంతే. అంత పెద్ద పుస్తకంలో ఆ నక్క మళ్లీ రాదు. మొదటిసారి చదివినప్పుడు ఈ నక్క ఉన్నట్టే నాకు తెలియదు, ఎందుకంటే వెనక నల్ల గుర్రాలు వస్తున్నాయి, నాకు ఆ టెన్షన్. మూడోసారి చదివినప్పుడు అక్కడే ఆగిపోయాను. ఈ మహా యుద్ధం, ఈ ఉంగరం, రాజ్యాలు, వీటన్నిటి పక్కనుంచి ఒక ప్రాణి నడిచి వెళ్లిపోయింది, దాని అడవి దానిది, దాని రాత్రి దానిది, ఈ కథ దానికి అరనిమిషం ఆశ్చర్యం. ఆ ప్రపంచం కథ కోసం కట్టిన సెట్ కాదని నాకు అక్కడ నమ్మకం కుదిరింది. కొంతమంది ఆ పేరా పిల్లల కథలా ఉంది, అక్కడ అతకలేదు అంటారు, వాళ్లతో గంటలు వాదించాను, ఇంకా వాదిస్తాను.

అలాగే చందమామ. 1944లో టోల్కీన్ తన కొడుక్కి రాసిన ఉత్తరంలో చంద్రుడితో వచ్చిన చిక్కు చెప్తారు: వేరువేరు చోట్ల ఉన్న పాత్రలకి ఒకే రోజు చంద్రుడు ఒకచోట ఉదయిస్తూ ఇంకోచోట అస్తమిస్తున్నాడని తేలిందట, వెనకటి అధ్యాయాల్లో కొన్ని భాగాలు తిరగరాయడానికి ఒక మధ్యాహ్నం మొత్తం పట్టిందట. ఎవరు చూస్తారు చెప్పండి? ఎవరో ఒకరు రెండోసారో ఐదోసారో చదువుతూ, విడిపోయిన ఇద్దరు స్నేహితులు ఒకే చంద్రుణ్ణి చూస్తున్నారని పట్టుకుంటారు. అలాంటి పాఠకుడి కోసం ఆ మధ్యాహ్నం ఖర్చుపెట్టాడాయన. నాకు అభిమానం అంటే ఆ బాకీ తీర్చడం లాంటిది.

మళ్లీ చదివితే మనమూ మారి ఉంటాం, అది ఇంకో సంగతి. మీరు చదువుతున్న సిరీస్‌నే తీసుకోండి. ఇరవైల్లో నేను అందులో యుద్ధాలు చదివాను. ముప్ఫై ఐదు దాటాక యుద్ధం అయిపోయిన తర్వాత వచ్చే పేజీలు చదివాను, ఎవరూ మాట్లాడుకోని పేజీలు, గెలిచినవాడికి చేతులు వణికే పేజీలు. జోర్డాన్ వియత్నాం యుద్ధంలో పనిచేసిన మనిషి అని మధ్యలో ఎప్పుడో తెలిసింది. ఆ పేజీలు మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి. నేనే వాటిని దాటుకుని తర్వాతి యుద్ధం దగ్గరికి పరిగెత్తాను.

అభిమాని ఎవరు అన్నదానికి ఈ సిరీస్ చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. జోర్డాన్ 2007 సెప్టెంబర్‌లో చనిపోయారు, కథ పూర్తికాలేదు. ఆయన భార్య హ్యారియట్ మెక్‌డూగల్, ఆ పుస్తకాలకి ఎడిటర్ కూడా ఆవిడే, మిగిలింది రాయడానికి ఎవరిని అడగాలా అని చూస్తున్నప్పుడు బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయిత తన సైట్‌లో జోర్డాన్‌కి నివాళిగా రాసుకున్న వ్యాసం ఆవిడ చేతికొచ్చింది. టీనేజ్ నుంచి ఆ పుస్తకాలు చదువుతూ పెరిగినవాడాయన. పని ఒప్పుకున్నాక సిరీస్ మొత్తం మొదటి నుంచి మళ్లీ చదివారు. ఒక్క పుస్తకంతో అవుతుందనుకున్నది మూడయింది, 2009, 2010, 2013ల్లో వచ్చాయి. చివరి సన్నివేశం జోర్డాన్ ముందే రాసి పెట్టుకున్నారు, అంచేత శాండర్సన్ పని ఏమిటంటే, తన ముగింపు కాని ముగింపు దగ్గరికి వేలమంది ఇష్టపడే పాత్రల్ని జాగ్రత్తగా నడిపించుకుని వెళ్లి అప్పగించడం. కొన్ని పాత్రల మాటతీరు ఆయన చేతిలో మారిందని నాకూ అనిపిస్తుంది, ముఖ్యంగా మ్యాట్ అనే పాత్ర మొదట్లో మ్యాట్‌లా లేడు. అయినా ఆ మూడు పుస్తకాలు చదువుతుంటే ఇంకొకరి ఇంట్లో దీపం ఆరకుండా చూసుకుంటున్న మనిషి కనిపిస్తాడు.

ఇక్కడే ఇంకో మాట. తప్పులు చెప్పడం అభిమానానికి ద్రోహం అనుకునేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఈ సిరీస్‌లో మధ్య సంపుటాల్లో సాగతీత ఉంది. 2003లో వచ్చిన పదో సంపుటంలో చాలా భాగం, తొమ్మిదో దాని చివర్లో జరిగిన పెద్ద సంఘటన సమయంలో మిగతావాళ్లు ఎక్కడ ఏం చేస్తున్నారో చెప్పడంతోనే గడిచిపోతుంది, కథ ముందుకు కదలదు. నాకు అది చదవడానికి రెండు నెలలు పట్టింది. మీరు అక్కడికి వెళ్లాక విసుగొస్తే, మీలో ఏదో లోపం ఉందని అనుకోకండి, ఇష్టం ఉన్నవాళ్లందరికీ విసుగొచ్చింది. లోపాన్ని చూసి పేరుపెట్టి చెప్పగలగాలి, చెప్పి కూడా పదకొండో సంపుటం తెరవగలగాలి.

ఉర్సులా లె గ్విన్ అనే రచయిత్రి గారి ఎర్త్‌సీ ఫాంటసీ కథల విషయంలో ఇంకా కష్టమైన పరీక్ష వచ్చింది. మూడు పుస్తకాలు 1972కల్లా వచ్చేశాయి, అందరూ అయిపోయిందనుకున్నారు. 18 ఏళ్ల తర్వాత, 1990లో నాలుగోది వచ్చింది. అందులో మాంత్రికుల పోరాటాలు ఆశించినవాళ్లకి దొరికింది నడివయసు దాటిన ఒక వితంతువు, కాలిన గాయాలతో మిగిలిన ఒక చిన్నపిల్ల, ఇంటి పనులు, భయం. చాలామందికి కోపం వచ్చింది, మా ఎర్త్‌సీ ఇది కాదన్నారు. నేనూ మొదటిసారి చదివి పక్కన పడేశాను. పదేళ్లకి మళ్లీ తీస్తే, ముందటి మూడు పుస్తకాల్లో నేను ఎవరి వైపు చూడలేదో ఆవిడ చూపించారని అర్థమైంది. రచయిత మారితే మనం ఆ మార్పుతో పోట్లాడొచ్చు, తప్పులేదు. పోట్లాడాలంటే ముందు పూర్తిగా చదవాలి కదా.

రచయితతో ఎలా ఉంటామన్నది కూడా అభిమానంలో భాగమే. మార్టిన్ సిరీస్‌లో మూడోది 2000లో వచ్చింది, నాలుగోది 2005లో, ఐదోది 2011లో, ఆరోదాని కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం. ఎదురుచూపు కష్టమే, నాకూ ఉంది ఆ బాధ. కానీ ఆయన సెలవు మీద వెళ్లినా, ఇంకో పని చేసినా, వయసు గుర్తుచేస్తూ ఎప్పుడు రాస్తావని తిట్టేవాళ్లు తమను తాము వీరాభిమానులం అనుకోవడం చూస్తే ఒళ్లు మండుతుంది. 1965లో ఏం జరిగిందో చెప్తాను. టోల్కీన్ పుస్తకాన్ని అమెరికాలో ఒక సంస్థ ఆయన అనుమతి లేకుండా చవక ఎడిషన్‌గా వేసింది, 75 సెంట్లు. అదే ఏడు అనుమతితో వచ్చిన ఎడిషన్ ధర 95 సెంట్లు. బతికున్న రచయిత పట్ల కనీస మర్యాద ఉన్నవాళ్లు ఇదే కొంటారన్న అర్థంలో దాని మీద టోల్కీన్ ఒక మాట రాశారు, తనకు ఉత్తరాలు రాసే పాఠకులకి కూడా సంగతి చెప్పుకున్నారు. పాఠకులు ఆయన పక్షాన నిలబడ్డారు, ఎంత గట్టిగా అంటే చివరికి ఆ సంస్థ ఆయనకి డబ్బు చెల్లించి ఆ ఎడిషన్ ఆపేసింది. ఇరవై సెంట్లు ఎక్కువ పెట్టి కొన్న ఆ కుర్రాళ్లలో ఎంతమందికి టోల్కీన్ కల్పించిన ఎల్ఫ్ భాష వచ్చో నాకు తెలియదు, నాకు అది అక్కర్లేదు కూడా.

ఇక టీవీ బ్యాచ్ అన్న మాట. సినిమా చూసి వచ్చినా, టీవీ చూసి వచ్చినా, ఎవరో పక్క సీట్లో చదువుతుంటే భుజం మీదుగా చూసి వచ్చినా, వచ్చిన దారిని బట్టి మనిషిని కొలవకూడదు. 2001 నుంచి 2003 దాకా మూడు సినిమాలు రాకపోతే నేను టోల్కీన్‌ని ఎప్పటికి చదివేదాన్నో. టీవీలో మార్చేసినవాటి మీద కోపం ఉండటం వేరే సంగతి, దానికి కూడా తేడా తెలియాలి. 2004లో ఎర్త్‌సీ కథల్ని టీవీకి తీసినప్పుడు, గోధుమ ఎరుపు ఒంటి రంగున్న తన కథానాయకుణ్ణి తెల్లవాడిగా చూపించారని లె గ్విన్ బహిరంగంగా రాసి నిరసన తెలిపారు. అది ఆవిడ కథకి వేరు లాంటి విషయం, ఆలోచించి పెట్టుకున్న రంగు అది. ఫలానా పాత్ర జుట్టు పొట్టిగా ఉంది, ఫలానా గుర్రం రంగు మారిందని నెలల తరబడి కొట్టుకోవడానికీ దీనికీ పోలికే లేదు. వేరు ఏదో ఆకు ఏదో చెప్పగలిగితే చాలు, మీరు ఏ తెర మీద నుంచి దిగి వచ్చారో నాకు అనవసరం.

ఇప్పుడు నేను అరుదు అన్న ఆ రెండో సంగతి.

మా అన్నయ్య కూతురికి పదమూడేళ్లప్పుడు సెలవులకి నా దగ్గరికి వచ్చింది. టోల్కీన్ సినిమాలు చూడలేదు, కథ ఏమీ తెలియదు. నా అరలోంచి తనే మొదటి సంపుటం తీసుకుని మొదలుపెట్టింది. నాలుగో రోజు రాత్రి పదకొండు దాటాక, పేజీలో వేలు పెట్టుకుని నా గదిలోకి వచ్చింది. “అత్తా, సత్రంలో ఒకడు మూల కూర్చున్నాడు. ముసుగు వేసుకున్నాడు, బూట్ల నిండా బురద. మంచివాడా, చెడ్డవాడా? ఆ ఒక్కటీ చెప్పు, పడుకుంటాను.”

నాకు ఆ మనిషి గురించి ఎంత తెలుసో మీరు ఊహించుకోండి. వాళ్ల తాతముత్తాతల పేర్లతో సహా తెలుసు. నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చెప్తే పిల్ల నిశ్చింతగా పడుకునేది, అత్తకి ఎంత తెలుసో అనుకునేది. కానీ నేను “నీకేమనిపిస్తోంది?” అన్నాను. మంచం మీద కూర్చుని మొదలుపెట్టింది. అందరినీ గమనిస్తున్నాడు కాబట్టి గూఢచారి. కానీ గూఢచారి అయితే అంత అనుమానంగా కనపడేలా కూర్చోడు కదా. హీరో ఫ్రోడో అసలు పేరు వాడికెలా తెలిసింది? మంచివాడైతే ముందే ఎందుకు చెప్పలేదు? చెడ్డవాడే అయితే ఇప్పటిదాకా ఎందుకు ఆగాడు? అరగంట వాదించుకుంది, తనతో తనే. నేను ఊ కొట్టానంతే. చివరికి “ఇంకో పది పేజీలు చదివి పడుకుంటా” అని లేచింది. అర్ధరాత్రి దాటాక పక్క గదిలోంచి చిన్నగా “ఓహో” అని వినిపించింది. ఆ ఒక్క శబ్దం కోసం ఇంకో పది సార్లు నోరు కట్టుకోమన్నా కట్టుకుంటాను. 24 ఏళ్ల కిందట నేను ఆ పేజీ ఎలా చదివానో నాకు గుర్తులేదు, ఆ రాత్రి గోడ అవతల నుంచి అది మళ్లీ నాకు దొరికింది.

జోర్డాన్‌ని పాఠకులు కలిసినప్పుడల్లా ముందు ఏమవుతుందని అడిగేవాళ్లు. ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది, ‘Read And Find Out’, అంటే చదివి తెలుసుకోండి అని. ఆ ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి అభిమానులు ‘రాఫో’ అని పేరు పెట్టేసుకున్నారు. కొత్తగా చదివేవాళ్లు ఏదైనా అడిగితే పాతవాళ్లు రాఫో అంటారు. మీకు చెప్పను పో అన్నట్టు వినిపిస్తుందేమో మొదట్లో. నిజానికి అందులో ఉన్నది ప్రేమ: నీ ఓహో నీదే, అది నేను తీసుకోను అని. మిమ్మల్ని తీసిపారేసిన ఆయన 14 సంపుటాలూ రెండుసార్లు చదివి ఉండొచ్చు. ఐదో సంపుటంలో పెరిన్ కోసం వెతుక్కుంటున్న మనిషి ఎదురుగా నిలబడితే, ఆయన చేయాల్సింది కాస్త దగ్గరికి జరిగి, నాలుగో సంపుటంలో పెరిన్ ఊరికి వెళ్లినప్పుడు మీకేమనిపించింది అని అడగడం. ఆయన ఒక మంచి సాయంత్రం పోగొట్టుకున్నారు.

సరే, పుస్తకం తెరవడం గురించి. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టకండి, ఆగిన చోటు నుంచి ఒక యాభై పేజీలు వెనక్కి వెళ్లి అక్కడ నుంచి చదవండి. పేరు గుర్తురాకపోతే పుస్తకం వెనక పదకోశం ఉంటుంది, దాన్ని మొహమాటం లేకుండా వాడుకోండి. నెట్‌లో మాత్రం పేరు టైప్ చేయకండి, మీరు పూర్తిగా కొట్టేలోపే ఆ పాత్ర చనిపోతుందా బతుకుతుందా అన్నది కింద జాబితాలో వచ్చేస్తుంది. ఇంకో ముఖ్యమైన హెచ్చరిక: మీరు ఏ సంపుటంలో ఉన్నారో ఆ సంపుటం పదకోశమే చూడండి, తర్వాతి వాటిది తెరవొద్దు. కారణం ఉంది. మీరు చదువుతున్న ఐదో సంపుటం చివరి పేజీల్లో ఒక ప్రశ్న పుడుతుంది. దానికి జవాబు ఆలోచిస్తే ఎవరికైనా తట్టేదే అని జోర్డాన్ అనేవారు, పాఠకులకి మాత్రం తట్టలేదు. 1993 నుంచి 17 ఏళ్లు జట్లు జట్లుగా విడిపోయి వాదించుకున్నారు, పేజీ నంబర్లతో సహా సాక్ష్యాలు పెట్టుకున్నారు. ఆఖరికి 2010లో వచ్చిన సంపుటంలో, వెనక పదకోశంలో, ఒక పేరు కింద ఒక్క వాక్యంలో ఆ జవాబు అచ్చయింది.

ఆ ప్రశ్న ఏమిటో దాని దగ్గరికి వెళ్లగానే మీకే తెలుస్తుంది. తెలిసిన రోజు మీ అనుమానం ఎవరి మీదో, ఎందుకో రాయండి, ఎంత పొడుగున్నా చదువుతాను. నేను రాఫో అనే అంటాను.